కదలని కారు కాపురానికి మంచిది

ప్రతి ఇంట్లోనూ కదలని కారు ఒకటి ఉండి తీరాలి.

కదిలే కారు ఎవరైనా కొంటారు. అందులో గొప్పేముంది? బ్యాంకువాళ్లు ఫోన్ చేసి మరీ అంటగడతారు. పద్దెనిమిదేళ్లు నిండి, ఓటు హక్కు కూడా వచ్చేసి, ఇంజన్ సగం విప్పిన స్థితిలో ఉన్న పాత స్పోర్ట్స్ కారును, జన్మలో స్క్రూడ్రైవర్ పట్టని మనిషి కొని తెచ్చుకోవాలి. అప్పుడు చూడాలి ఆ ఇంటి వైభోగం. మా తిరువూరులో ప్రస్తుతానికి ఈ భాగ్యం మా ఒక్క ఇంటికే దక్కింది. అనుభవం మీద చెబుతున్నాను కాబట్టి కాస్త శ్రద్ధగా చదవండి.

మావారు మురళీకృష్ణకు మెయిన్ రోడ్డులో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. రైతు తెచ్చిన ఒక్క ఆకు చూసి పత్తికి ఏ తెగులొచ్చిందో చెప్పగలరు. మిక్సీ జార్ కింద వాషర్ ఎటు తిప్పి పెట్టాలో మాత్రం ఇరవై రెండేళ్లుగా నేనే చెబుతూ వచ్చాను. అలాంటి మనిషికి నలభై ఎనిమిదో ఏట, ఫోన్లో వీడియోలు చూడగా చూడగా, తనలో ఒక మెకానిక్ నిద్రపోతున్నాడని తెలిసింది. వాణ్ణి లేపడానికి హైదరాబాదు నుంచి ఒక ఎర్రటి కారును లారీ మీద తెప్పించారు. ఎరుపు అని కాగితాల్లో ఉంది. మేం చూసేటప్పటికి బానెట్ ఒక్కటే ఎరుపు. తక్కిందంతా కోల్డ్ స్టోరేజీకి నోచుకోని నిరుటి మిరపకాయల రంగు.

దానికి చోటు కావాలి కదా! పోర్టికోలో ఉన్న మా చిన్న కారును అమ్మేశారు.

ఆ చిన్న కారులో నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. ఎల్.ఎల్.ఆర్. వచ్చి అప్పటికి నలభై రోజులు. ఆ కాగితానికి ఆయుష్షు ఆరు నెలలు. ఆలోపు టెస్ట్ పాసవకపోతే మళ్లీ మొదటికొస్తుంది. నా కోరిక అంత పెద్దదేం కాదు. పెనుగొలనులో మా అక్క ఉంది. ఎవరి తీరికా కనుక్కోకుండా, ఎవరినీ బతిమాలకుండా, నేనే తాళం తీసుకుని వెళ్లి కాఫీ తాగి రావాలని. అంతే.

అమ్మడానికి అసలు కారణం వేరే ఉంది, దాచడమెందుకు? నేర్చుకోవడం మొదలుపెట్టిన రెండో వారంలో గేటు స్తంభానికి బంపరు రాసుకుని ఒక గీత పడింది. నా చూపుడు వేలంత పొడవు. కొలిచే చెబుతున్నాను. మావారు ఆ గీతను షాపుకొచ్చిన రైతులకు, ఇంటికొచ్చిన బంధువులకు, పాలుపోసే మనిషికి కూడా వంగి వేలుపెట్టి చూపించారు. కొత్తవాళ్ల చేతికి బండి ఇస్తే ఇంతేనని, ఇంకో గీత పడకముందే అమ్మేయడం తెలివైన పనని తేల్చారు.

“మరి నా టెస్ట్ సంగతేంటండీ?” అన్నాను.

“తొందరేముంది లతా? నా కారు రెడీ కానీ. దీంట్లోనే టెస్ట్‌కి వెళ్దువుగాని. స్పోర్ట్స్ కారులో టెస్ట్‌కి వెళ్లిన మొదటి ఆడమనిషివి నువ్వే అవుతావు.”

“ఎన్నాళ్లు పడుతుంది?”

“రెండు వారాలు. మహా అయితే మూడు.”

అది ఆషాఢమాసం.

సరే, లాభాల దగ్గరికి వద్దాం. కదలని కారు వల్ల యాక్సిడెంట్లు జరగవు. పెట్రోలు కాలదు. పొగ రాదు. పర్యావరణం గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఒక్కసారి మా పోర్టికోకు వచ్చి చూడాలి. మా ఎదురింటివాళ్లు ఎలక్ట్రిక్ స్కూటర్ కొని తామే భూగోళాన్ని కాపాడుతున్నట్టు తిరుగుతుంటారు. దానికి కరెంటైనా కావాలి. మా కారుకు అదీ అక్కర్లేదు.

ఇక భర్త ఇంటిపట్టున ఉండటమనే లాభం ఉందే, అది మాటల్లో చెప్పలేను. షాపు మూయగానే మావారు నేరుగా ఇంటికొచ్చి కారు కిందికి దూరతారు. బయటకు కనిపించేవి రెండు కాళ్లు. నెలల తరబడి నేను ఆ కాళ్లతోనే కాపురం చేశాను. మనిషితో మాట్లాడటం కంటే కాళ్లతో మాట్లాడటం ఎంతో సుఖం. అవి ఎదురు చెప్పవు. మధ్యలో ఫోన్ చూడవు. ఏం చెప్పినా ఊఁ అంటాయి.

“గ్యాస్ బుక్ చేశానండీ.”

“ఊఁ.”

“పిల్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. పరీక్షల తేదీలు ఇచ్చారట.”

“ఊఁ.”

“నా ఎల్.ఎల్.ఆర్. గడువు ఇంకా యాభై రోజులే ఉంది.”

“ఊఁ. ఆ పదమూడో నంబరు పానా ఇటివ్వు.”

వంటింటికి జరిగిన మేలు కూడా తక్కువది కాదు. నా ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో నట్లు పెట్టుకుంటే దొర్లిపోవని కనిపెట్టింది మావారే. నాలుగు ప్లేట్లూ ఆయనకే ఇచ్చేసి, ఆ నెలలన్నీ దోసెలు పోశాను. పైగా నేను బీఎస్సీలో బోటనీ చదివినదాన్ని. కాలేజీలో ఎండిన ఆకులు అతికించి కింద పేర్లు రాసిన చేయి ఊరుకుంటుందా? ఊడిన ప్రతి నట్టునూ, ఏ రోజు ఊడింది, ఎక్కడ ఊడింది, ఎడమా కుడా అని చీటీ రాసి పచ్చడి డబ్బాల్లో సర్దాను. బిగించేటప్పుడు ఆయన ఆ చీటీల వైపు కన్నెత్తి చూడలేదు. చీటీ చూసి బిగిస్తే అది మెకానిక్ పని ఎందుకవుతుంది?

బిగించడం పూర్తయిందన్న రోజున డబ్బాలు తిరగేసి చూశాను.

“పదకొండు నట్లు మిగిలాయండీ.”

“కంపెనీవాళ్లు ఒకటీ రెండూ ఎక్కువే వేస్తార్లే.”

“ఇవి పదకొండండీ.”

“పాతకాలం బండి కదా. అప్పట్లో ధారాళంగా వేసేవాళ్లు.”

తర్వాత వైర్లు కలిపారు. బ్రేకు తొక్కితే వైపర్ ఊగింది. వైపర్ వేస్తే కుడిపక్క లైటు కన్నుకొట్టింది. చూడటానికి సాయంత్రం పూట వీధిలోవాళ్లు కుర్చీలు తెచ్చుకుని కూర్చునేవాళ్లు. ఒక్కరూ నవ్వలేదండీ. “నేర్చుకుంటున్నాడుగా, ఒకటి రెండుసార్లు తప్పు పోతుంది మరి,” అని ఒకరు. “ఆ ఓపిక చూడు, మనవల్ల అవుతుందా?” అని ఇంకొకరు. వాళ్లందరికీ టీలు నేనే ఇచ్చాను.

ఇక్కడ మా అత్తగారు సుబ్బరత్నం గురించి చెప్పాలి. ఆవిడకు డెబ్భై నాలుగేళ్లు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఈ వ్యవహారమంతా గమనిస్తూ ఉండేవారు. ఒకసారి కొడుకు కాళ్లను చాలాసేపు చూసి, “చిన్నప్పుడు మట్టిలో ఆడొద్దని కొట్టేదాన్ని. ఆ బాకీ తీర్చుకుంటున్నాడు,” అన్నారు.

అక్టోబరు వచ్చేసరికి మావారికి కారు ఎత్తుగా ఉందనిపించింది. స్పోర్ట్స్ కారు నేలను తాకీ తాకనట్టు ఉండాలట. వీడియోలో అలా చెప్పారట. అందుకు స్ప్రింగులు కోయాలట. ఎ.కొండూరు రోడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే హనుమయ్యను గ్రైండర్ తెమ్మన్నారు.

హనుమయ్య పెద్ద మనిషి, నిదానస్తుడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

“షావుకారు గారూ, నా సర్వీసులో బండి ఎత్తు పెంచమని అడిగినోళ్లున్నారు గానీ తగ్గించమని ఎవరూ అడగలేదండి. కోసింది మళ్లీ అతకదు. ఓసారి ఆలోచించుకోండి.”

“నువ్వు ట్రాక్టర్ల మనిషివి హనుమయ్యా. నీకు తెలీదు. కోసెయ్.”

కోశాడు. ఒక్కో స్ప్రింగుకు రెండు చుట్లు. మా పోర్టికోలో, జాకీ మీద నిలబెట్టి. జాకీ దించితే కారు ఉస్సూరంటూ నేల మీదికి కూర్చుంది. మావారు మూడు రోజులు దాని చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నారు.

మా ఊరు తెలిసినవాళ్లు ఈపాటికే పెదవి విరిచి ఉంటారు. తెలియనివాళ్లకు చెబుతాను. మా దగ్గర రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు తవ్వరు, దానిమీదే ఇంకో పొర పోస్తారు. అందుకని ఇల్లు కట్టేవాళ్లు ముందుచూపుతో రోడ్డుకు మూడడుగుల ఎత్తున కట్టుకుంటారు. పోయిన మా మామగారు చంద్రశేఖరంగారు ఇంకాస్త ముందుచూపుతో మూడున్నర కట్టారు. అంత ఎత్తు నుంచి రోడ్డు మీదికి, కాలవ దాటుతూ, చిన్న ర్యాంపు. నిట్టనిలువుగా ఉంటుంది. పిల్లలు దానిమీద జారుడుబండ ఆడుకుంటారు.

నవంబరు మధ్యలో ఒక గురువారం మంచిదని కారు బయటకు తీయాలనుకున్నారు. నా గడువుకు ఇంకా పద్దెనిమిది రోజులుంది. సరిపోతుందనుకున్నాను. కొబ్బరికాయ కొట్టాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. మావారు ఎక్కి ముందుకు పోనిచ్చారు. నిమ్మకాయలు చితికాయి. ముందు చక్రాలు ర్యాంపు దిగాయి. ఆ వెంటనే కారు కడుపు పోర్టికో అంచు మీద టంగుమని ఆనుకుని, ముందుకూ వెనక్కూ పోకుండా షాపులో కాటా లాగా ఊగుతూ నిలబడిపోయింది.

షాపు నుంచి హమాలీలు ఆరుగురు వచ్చి వెనక్కి లాగారు.

అయితే ర్యాంపును పొడుగ్గా, వాలుగా పోయించుకోవచ్చుగా అంటారా? మావారూ అదే అన్నారు. అత్తగారు కుర్చీలోంచి కదలకుండానే ఆపారు.

“అది ఈశాన్యం మూల. అక్కడ బరువు పెంచితే ఒప్పుకోను. మీ నాన్న ముహూర్తం చూసి పోయించిన ర్యాంపు అది. నీ కారు కడుపు కోసం ఇంటి ఈశాన్యం చెడగొట్టుకోమంటావా?”

“మరి కారు ఎట్టా బయటకొస్తుందమ్మా?”

“కోసేటప్పుడు నన్నడిగావా?”

ఇదిగో, ఇక్కడే కదలని కారు గొప్పతనం బయటపడింది. కొందరి కార్లు పాడైపోయి కదలవు. మా కారు ఇంజన్ పనిచేస్తుంది. బ్రేకూ పనిచేస్తుంది, వైపర్ కూడా దానిమీద ఆధారపడటం మానేసింది. అన్నీ ఉండి, ఇంటి గడప దాటలేక లోపలే ఉండిపోయింది. దాన్ని చూస్తే నాకు మొదటిసారి జాలేసింది. ఎందుకో ఆ స్థితి నాకు బాగా తెలిసినట్టే అనిపించింది.

మర్నాడే నేను ప్రమీలారాణిగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడకు డ్రైవింగ్ స్కూల్ ఉంది.

“మీ కాగితానికి ఎన్ని రోజులుందండీ?”

“పదిహేడు.”

“చాలు. ప్రాక్టీసుకి ఇంట్లో బండి ఉందా?”

“ఉందండీ. బయటకు రాదు.”

“మా ఆయనా అంతే. ఆదివారమొస్తే మంచం దిగడు. సరే, రేపు ఆరింటికల్లా వచ్చేయండి.”

ఆవిడ కారుకు సొట్టలేని చోటు లేదు. తలుపులు, బంపర్లు, నంబరు ప్లేటు కూడా. మొదటిరోజు నేను స్టీరింగ్ పట్టుకుని గేరు వేయకుండా కూర్చుంటే ఆవిడ కిందికి దింపి ఆ సొట్టలు ఒక్కొక్కటీ చూపించారు. “ఇది ఎ.కొండూరు టీచరమ్మ. ఇది పశువుల డాక్టరుగారు. ఈ పెద్దది మా పెద్దల్లుడు. అందరూ ఇప్పుడు నడుపుతున్నారు. మీరూ ఒకటి పెట్టుకోండి, ఫర్లేదు.”

నేను ఒకటి పెట్టాను. ఎడమవైపు వెనక. ఆవిడ నా పేరు అడిగి తెలుసుకున్నారు, అంతే.

గడువుకు నాలుగు రోజుల ముందు టెస్ట్‌కి వెళ్లాను. వెనక్కి నడిపి గీతల మధ్య పెట్టమన్నారు, పెట్టాను. పాసయ్యాను. ఇంటికొచ్చి పోర్టికోలో నిలబడి ఆ సంగతి చెప్పాను.

“టెస్ట్ పాసయ్యానండీ.”

“ఊఁ,” అన్నాయి కాళ్లు.

లైసెన్సు కార్డు పోస్టులో వస్తే అత్తగారు సంతకం పెట్టి తీసుకుని, దేవుడి గదిలో పెట్టి బొట్టు పెట్టారు.

ఫిబ్రవరిలో మావారికి విజయవాడ నుంచి పిలుపొచ్చింది. పాత కార్లు బాగుచేసుకునేవాళ్లంతా ఒక ఆదివారం కలుస్తారట. కారుతో వస్తేనే మర్యాదట. హనుమయ్య మళ్లీ వచ్చాడు. లారీకి బస్తాలెక్కించే పొడుగు చెక్కలు రెండు తెచ్చి ర్యాంపు మీద పరిచాడు. చక్రాలు వాటిమీద నడిస్తే కారు రెండంగుళాలు పైకి లేస్తుంది. చాలుతుందో లేదో చూడటానికి పోర్టికో అంచు మీద అగ్గిపెట్టె నిలబెట్టాడు.

మావారు ఎక్కి మెల్లగా ముందుకు తెచ్చారు. అగ్గిపెట్టె నలిగి అప్పడమైపోయింది.

“షావుకారు గారూ, మీరు దిగాలండి.”

“ఎందుకు?”

“మీ బరువెంతండి?”

“తొంభై నాలుగు.”

హనుమయ్య ఇంకో అగ్గిపెట్టె నిలబెట్టి, ఖాళీ కారును చేత్తో నాలుగు వేళ్లంత తోయించాడు. పెట్టె నిలబడే ఉంది. పైన వేలెడు సందు కూడా కనిపించింది. కానీ ఖాళీగా వదిలితే ఆ వాలులో కారు నేరుగా ఎదురింటి హాల్లోకి వెళ్లి ఆగుతుంది. బ్రేకు పట్టే మనిషి కావాలి. హనుమయ్య మావారికంటే భారీ. హమాలీలకు డ్రైవింగ్ రాదు. బరువు లేని మనిషి కావాలి, బండి నడపడం వచ్చిన మనిషి కావాలి. అందరూ వీధి ఆ చివరా ఈ చివరా చూశారు.

“దానికి లైసెన్సు ఉందిరా,” అన్నారు అత్తగారు.

“ఎవరికి?”

“నీ పెళ్లానికి. రెండు నెలలైంది వచ్చి.”

మావారు నా వైపు తిరిగారు. “నాకు చెప్పలేదే?”

“చెప్పానండీ. మీ కాళ్లు ఊఁ అన్నాయి.”

హమాలీలతో కారును వెనక్కి లాగించి, తాళం నా చేతికిచ్చే ముందు ఆయన పదిహేను నిమిషాలు క్లాసు చెప్పారు. క్లచ్ ఎంత వదలాలో, బ్రేకు ఎంత తొక్కాలో, చెక్క మీద నుంచి చక్రం అంగుళం జరిగితే ఏమవుతుందో. చివర్లో, “గీత పడకుండా చూడు,” అన్నారు.

నేను బుద్ధిగా విన్నాను. ఈ ఇంట్లో ఒకే ఏడాది ఇద్దరం కొత్తగా నేర్చుకోవడం మొదలుపెట్టాం. ఒకరు వేలంత గీత గీశారు. బండి అమ్ముడుపోయింది. ఇంకొకరు పదకొండు నట్లు మిగిల్చారు, వైర్లు తారుమారు చేశారు, స్ప్రింగులు కోసి కారును ఇంట్లోనే బందీ చేశారు. ఆయనను వీధంతా కుర్చీలేసుకుని మెచ్చుకుంది. తప్పులు చేయకుండా ఎవరికీ ఏదీ రాదని నాకూ తెలుసు. అది ఎవరెవరికి వర్తిస్తుందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఎక్కాను. స్టార్ట్ చేశాను. క్లచ్ మీద నుంచి కాలు మెల్లగా తీశాను. ముందు చక్రాలు దిగాయి, కడుపు అంచు దాటింది, వెనక చక్రాలు దిగాయి. ఎక్కడా తగిలిన చప్పుడు కాలేదు. హనుమయ్య అగ్గిపెట్టె తీసి ఊపి చూపించాడు. లోపల పుల్లలు గలగలమన్నాయి.

రోడ్డు మీద ఆపాను. మావారు చెప్పులేసుకుని వచ్చేలోపల అత్తగారు గోడ పట్టుకుని ర్యాంపు దిగారు. రెండో వైపు తలుపు తీసి, వంగి, కూర్చోవడం కాదు, పడ్డారు.

“ఇదేంటే, పీట మీద కూర్చున్నట్టుంది.”

ఇంతసేపూ మీకు ఒక సంగతి చెప్పలేదు. ఈ కారులో సీట్లు రెండే.

“అమ్మా, నువ్వు దిగు. నేను విజయవాడ పోవాలి, టైమవుతోంది.”

“నువ్వు ఏడు నెలలు నేర్చుకున్నావుగా నాయనా. కాసేపు దాన్ని నేర్చుకోనీ.” ఆవిడ తలుపు లాగి వేసుకున్నారు. “పోనీ అమ్మాయ్. ఆపమాక.”

పోనిచ్చాను. మావారు పక్కనే నాలుగడుగులు నడిచారు. తర్వాత పరిగెత్తారు. “లతా, ఎక్కడికి?” అని అడిగారు. మళ్లీ అడిగారు. మలుపు తిరిగేదాకా అడుగుతూనే ఉన్నారు.

వినపడలేదని, పెనుగొలనులో అక్క దగ్గర కాఫీ తాగి సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పాను. ఆ సైలెన్సర్ మోతలో ఎవరికి వినపడుతుంది? అంత మోత కావాలని ఎంచి ఎంచి తెప్పించి బిగించుకున్నది ఆయనే.